ఏసురత్నానికి దొరికిన రాగం

ఏసురత్నం వేడినీళ్ల గ్లాసులోంచి మౌత్‌పీస్ తీసి, తుడిచి, పెదాలకు ఆనించాడు. పైవరసలో ముందు పన్ను మళ్లీ కదిలింది. విసుగ్గా దాన్ని నాలుకతో లోపలికి నెట్టుకున్నాడు. రేపు పొద్దున దాన్ని పీకేస్తానని పళ్ల డాక్టరు చెప్పాడు. ముందు పన్ను పోతే ఫ్రెంచ్ హార్న్ పలకదు.

"ఆరాధనకి టైమైంది. ఆ బూరతో నా ప్రాణం తీస్తన్నారు," సామ్రాజ్యం తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ అంది.

"బూర కాదే, హార్న్. పెళ్లైన కాణ్ణించీ చెబుతానే ఉన్నా."

ఆమె మస్కట్‌లో నర్సు. అదే ఆస్పత్రిలో అతను ఆపరేషన్ కత్తెర్లు కడిగి, గుడ్డల్లో మూటలు కట్టి, ఆవిరి యంత్రంలోకి పంపిస్తాడు. అంతకుముందు గుంటూరులో పోలీసు బ్యాండు. అక్కడ రాగం ఎప్పుడూ క్లారినెట్లది, లేకపోతే ట్రంపెట్లది. హార్న్ వాళ్లకు మిగిలింది డ్రమ్ము దెబ్బ పడ్డాక ఒక 'పా', మళ్లీ దెబ్బ, మళ్లీ 'పా'. మంత్రులు వచ్చినా, శవాలు లేచినా, ఆ ఉద్యోగం వదిలేదాకా అతను 'పా' అంటూనే ఉన్నాడు.

కిందటి వేసవిలో మస్కట్‌లోనే కురుమ్ పేటలో ఒక ఇంగ్లీషు దొర ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే, ఇస్త్రీపెట్టె కోసం వెళ్లి పుస్తకం తెచ్చుకున్నాడు. నూరేళ్లకు పైబడిన పుస్తకం. ఫ్రాన్సులో, జర్మనీలో కలవారి ఇళ్లలో విందు అయ్యాక చుట్టాలను కూర్చోబెట్టి వినిపించడానికి రాసిన పాటలు, హార్న్‌కీ పియానోకీ. రాసినవాళ్ల పేర్లు చర్చి క్వాయర్ మాస్టరు కూడా ఎన్నడూ వినలేదు. ముట్టుకుంటే పేజీల అంచులు అప్పడంలా విరుగుతున్నాయి. అయితేనేం, ప్రతి పాటలోనూ రాగం హార్న్‌దే.

అప్పటినుంచి పియానో వాయించే మనిషి కోసం తిరిగాడు. క్వాయర్ మాస్టరు "క్రిస్మస్ కానివ్వండి బ్రదర్" అన్నాడు. తర్వాత "ఈస్టర్ కానివ్వండి" అన్నాడు. చివరికి ఘుబ్రా పేటలో స్కూలు సంగీతం టీచరు సెలిన్, ఈ దేశంలో సెలవూ ఆరాధనా శుక్రవారమే కాబట్టి, ఈ శుక్రవారం స్కూలు హాలుకి వచ్చి వాయిస్తానంది.

ఆరాధన అయ్యాక మొగుడూ పెళ్లాం ఆ స్కూలుకి వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ నిసార్ అహ్మద్ అడ్డం నిలబడ్డాడు.

"సెలవు దినం హాలు తెరిస్తే నా డ్యూటీ పోతాది అన్నా."

"టీచరమ్మ చెప్పిందిగా."

"నాకు చెప్పలేదే."

సెలిన్ టాక్సీ దిగేదాకా గోడవారనే నిలబడ్డారు. సామ్రాజ్యం పమిటతో విసురుకుంటూ గేటు వంకే చూసింది. దానికన్నా తిడితేనే నయమనిపించింది అతనికి.

లోపల పియానో శ్రుతి దిగిపోయి ఉంది. హార్న్ గొట్టం బయటికి లాగి దానికి సరిపెట్టాడు. మొదటిసారి సెలిన్ తప్పింది. రెండోసారి అతను తప్పి, పన్నును తిట్టుకున్నాడు.

"ఈ పేజీలో ఇక్కడంతా పురుగు తినేసింది అంకుల్. ఎడమచేతికి ఏం వాయించను?"

"ఏదో ఒకటిలేమ్మా. 'పా' అంటా ఉండు, చాలు."

ఆమె నవ్వి, పియానో మీద 'పా', 'పా' అంది. దాని మీదుగా ఏసురత్నం రాగం ఎత్తుకున్నాడు. పన్ను నొప్పి చెంపలోకి పాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపలేదు. ఏ ఊళ్లోనో ఏ ఇంట్లోనో వినడం మానేసిన పాట ఖాళీ కుర్చీల మీదుగా వెనక గోడదాకా వెళ్లింది. చివరి వరుసలో సామ్రాజ్యం విసురుకోవడం ఆపేసింది.

తిరుగు టాక్సీలో ఆమె హార్న్ పెట్టెను తన ఒళ్లోకి తీసుకుంది.

"ఇంత బాగుందే. ఇన్నేళ్లూ ఎందుకు వాయించలా?"

"రాగం ఎవరిచ్చారు నాకు?" అన్నాడతను, ఇంకా చిరాగ్గానే.

"పళ్ల డాక్టరు దగ్గరికి ఆలస్యమవుద్ది, లేవండి," అని శనివారం పొద్దున సామ్రాజ్యం వంటగదిలోంచి రెండుసార్లు కేకేసింది. మూడోసారి వచ్చి కోపంగా దుప్పటి లాగింది. నర్సు కాబట్టి చెయ్యి తగలగానే తెలిసింది, ప్రాణం పోయి చాలాసేపైందని. మంచం అంచున కూర్చుని, లాగిన దుప్పటి మళ్లీ కప్పింది.

ఆ కబురు ఇంకా స్కూలుదాకా రాలేదు. "ఆ అన్న హాలంతా గలీజు చేసి పోయినాడు టీచర్," అని నిసార్ గొణుగుతూ హాలు తలుపు తీశాడు. సెలిన్ లోపలికి చూసింది. పియానో పక్కన, నేల పాడవకుండా అతను పరిచిన న్యూస్‌పేపరు అలాగే ఉంది. ఊదిన ఊపిరి హార్న్‌లో నీరై నిలిస్తే మధ్యమధ్య దానిమీదే ఒంపాడు. తడిసినచోట కాగితం ఎండి, గుండ్రంగా ఉబ్బి ఉంది.