అరికాలి నుంచి ఊపిరికి

మా అమ్మ వెల్లుల్లి ముద్ద తయారుచేసే ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. మచ్చ పడ్డ రెబ్బల్లో చెడిన ముక్క కోసి పారేసి, మంచిది బుట్టలో వేయడం ఆమె పని. కొత్త సూపర్‌వైజర్ వచ్చాక ఒక పద్ధతి పెట్టాడు. పని దిగి వెళ్లేవాళ్లు నోరు పుక్కిలించి, గేటు బయట కాపలా ఉండే అక్క ముందు ఊపిరి వదలాలి. వాసన వస్తే సరుకు తిన్నట్టే. ఆ అక్కకు అందరూ ముక్కక్క అని పేరు పెట్టారు. ఆమె పుస్తకంలో అమ్మ పేరు రెండుసార్లు ఎక్కింది. మూడోసారి ఎక్కితే పని పోతుంది.

అమ్మ వెల్లుల్లి తినదు. కూరలో కనిపిస్తే ఏరి పక్కన పెడుతుంది. పొద్దస్తమానం దాని మొహమే చూస్తాను, మళ్లీ కంచంలో కూడానా అంటుంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. రెండోసారి పేరెక్కిన సాయంత్రం అమ్మ సంచీలో గ్లౌజులు చూశాను. మూడు వేళ్ల చివర్లు కత్తిరించి ఉన్నాయి. ఎందుకమ్మా అని అడిగితే, మచ్చ ఎంత లోతుందో వేలికి తెలియాలి కదే అంది. నాకు సంగతంతా అక్కడే తెలిసిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి అమ్మతో వెళ్లాను. సూపర్‌వైజర్ ఆఫీసు గదిలో ఉన్నాడు. నేను చెప్పింది ఓపిగ్గానే విన్నాడు. రెబ్బను కోసినా నలిపినా అల్లిసిన్ అనే రసాయనం పుడుతుందని, అది చర్మంలోంచి కూడా ఇంకుతుందని, ఒంట్లో తొందరగానే విడిపోతుందని చెప్పాను. ఆ విడిపోయినవాటిలో గంధకం ఉన్న వాయువు ఒకటి పేగులకూ కాలేయానికీ ఓ పట్టాన లొంగదని, రక్తంతో తిరిగి ఊపిరితిత్తుల్లోంచి బయటికి వస్తుందని, అందుకే నోరు ఎంత కడిగినా పోదని చెప్పాను.

ఆయన నవ్వాడు. "నోట్లో పెట్టకుండా నోట్లోంచి వాసనా? ఈ కథలు ఇంకెవరికైనా చెప్పమ్మా."

"మీ కాలు ఇవ్వండి సార్, చూపిస్తాను."

గెలుస్తానన్న ధీమాతోనే ఆయన బూటు విప్పాడు. నాలుగు రెబ్బలు నలిపి అరికాలికి పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, మేజోడు తొడిగించాను. మండితే వెంటనే కడిగేయమన్నాను. గదిలోనే కూర్చుని కాగితాలు చూసుకున్నాడు. గంటంబావు తర్వాత కాలు సబ్బుతో కడుక్కుని, బూట్లు వేసుకుని గేటు బయటికి వచ్చాడు. ఆ గాలిలో నిలబడి, ఏ సంగతీ చెప్పకుండా ముక్కక్క ముందు ఊపిరి వదిలాడు.

ఆమె ఒకసారి వాసన చూసింది. మళ్లీ వదలమంది. తర్వాత పుస్తకం తెరిచి, పెన్ను క్యాప్ తీసింది.

"సార్, మీ పేరు రాయమంటారా?"

ఆయన పుస్తకం అందుకున్నాడు. అమ్మ పేరున్న రెండు వరుసలూ కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. రేపటినుంచి గేటు దగ్గర వాసన చూడక్కర్లేదని, బుట్టలు తూచితే చాలని ముక్కక్కతో చెప్పాడు. అమ్మకు మాత్రం కొత్త జత ఇప్పించి, నిండు గ్లౌజులే వేసుకోవాలని గట్టిగా చెప్పాడు. అమ్మ సణిగింది. ఒప్పుకోక తప్పలేదు.

గేటు దగ్గర్నుంచి వెనక్కి వస్తుంటే అమ్మ ఆగింది.

"ఆ వాసన ఎంతసేపు ఉంటుందే?"

"రేపటిదాకా ఉన్నా ఉంటుంది."

"పాపం, ఇంట్లో ఆవిడకేం చెప్పుకుంటాడో" అని, కొత్త గ్లౌజులు తొడుక్కుంటూ లోపలికి వెళ్లింది.