ప్రార్థన చీటీ మీద జోకు

బస్టాండులో మైకు పట్టుకుని బస్సుల పేర్లు పిలిచే ప్రభుదాసు, యాభై రెండేళ్ల వయసులో జోకులు చెప్పడానికి స్టేజీ ఎక్కుతున్నాడని తెలిసిన రోజు, వీధిలో సగం మంది తెరిచిన నోరు మూయలేదు. మిగతా సగం మంది నమ్మనేలేదు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. ఇంట్లో ఆ మనిషి ఇంకో గ్లాసు చాయ్ కావాలన్నా గ్లాసు ముందుకు జరిపేవాడే తప్ప పెదవి కదిపేవాడు కాదు.

ఇదంతా చేగుంట బస్సు తెచ్చిన తంటా. ఏడాది కిందట ఒకరోజు ఆ బస్సు బాగా ఆలస్యమైంది. జనం మీదిమీదికి వస్తుంటే ప్రభుదాసు మైకు అందుకున్నాడు. "చేగుంట బస్సు బయలుదేరిందని డ్రైవర్ చెప్తుండు. డ్రైవర్ మాత్రం ఈడ్నే చాయ్ తాగుతుండు," అన్నాడు. బస్టాండు మొత్తం గొల్లున నవ్వింది. ఇరవై మూడేళ్లు మైకు పట్టినా ఒక్కరూ తలెత్తి చూడని మనిషికి ఆ నవ్వు కల్లులా తలకెక్కింది.

అప్పటి నుంచి సెలవు దొరికితే చాలు హైదరాబాదు పోయి, కాలేజీ పిల్లల మధ్య నిలబడి అయిదు నిమిషాలో పది నిమిషాలో చెప్పి వచ్చేవాడు. వాళ్లు "అంకుల్, మస్తు!" అని ఈలలు వేసేవాళ్లు. ఇంట్లో ఉన్నంతసేపూ గోడవైపు చూస్తూ జోకులు నూరుకునేవాడు. భార్య నవోమి ఏదైనా అడగబోతే, లైను మరిచిపోతాను ఆగు అన్నట్టు చెయ్యి ఊపేవాడు. ఆమె ఆగేది. ఆగి ఆగి, అడగడమే మానేసింది. మానేసిన సంగతి కూడా ఆయనకు తెలియదు, చూడండి!

ఒక్క కోరిక మాత్రం ఆయన్ని తినేస్తోంది. నవోమి నవ్వాలి. ఊళ్లో ఫంక్షన్ హాలు నడిపే బిక్షపతి, ఆ హాలు మేడమీద ఆదివారం నాలుగింటికి షో పెట్టిస్తానన్నాడు. సొంత ఊళ్లో మొదటిసారి. ఆమె నవ్వితే తాను కళాకారుడు, నవ్వకపోతే ఇది ముదిరిన వయసులో పట్టిన పిచ్చి. ఇలా తనకు తానే తీర్పు రాసుకున్నాడు ప్రభుదాసు.

ఇక్కడే ఆయన చేసిన ఘనకార్యం చెప్పాలి. వాళ్ల వీధిలో బుధవారం బుధవారం ఇళ్లలో ప్రార్థన కూటం జరుగుతుంది. తలుపు పక్కన బిస్కెట్ల డబ్బా పెడతారు. ఎవరి కష్టం వాళ్లు చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా అందులో వేస్తారు. దస్తూరితో దొరికిపోతామని ఆడవాళ్లంతా పెర్సిస్ టీచరమ్మతోనే రాయిస్తారు. అందుకని చీటీలన్నీ ఒకే ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంటాయి. కూటానికి పెద్ద కాబట్టి ప్రభుదాసు వాటిని ఒంటరిగా చదివి, ప్రార్థన చేసి, కాల్చెయ్యాలి. బయట నోరెత్తకూడదు. ఈ నియమం ఎక్కడా రాసిలేదు, రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అలాంటి చీటీని తీసుకుపోయి ఎవరైనా జోకులో పెడతారా? పెట్టాడు మహానుభావుడు!

ఆదివారం హాలు నిండింది. కూటం ఆడవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు, వాళ్ల మధ్యలో పెర్సిస్ టీచరమ్మ, ఆమె పక్కన నవోమి. ప్రభుదాసు బస్సుల మీద చెప్పాడు, కండక్టర్ల మీద చెప్పాడు, తన బట్టతల మీద చెప్పాడు. హాలంతా నవ్వుతోంది. నవోమి ఒడిలో చేతులు పెట్టుకుని, ప్రసంగం వింటున్నంత బుద్ధిగా చూస్తోంది. ఇక లాభం లేదని ఆయన చివరి అస్త్రం బయటికి తీశాడు. పేరు లేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

"మా కూటంల ఒక చీటీ వచ్చింది. 'ప్రభువా, నా భర్త నాతో నోరు విప్పి మాట్లాడేలా చేయుము' అని. మొగడు నోరు మూసుకోవాలని మొక్కేటోళ్లను చూసిన గని, తెరవాలని మొక్కినామెను గిప్పుడే చూస్తున్న! దేవుడు పరేషాన్ అయిండు. 'అమ్మా, సముద్రం చీల్చమను, చీలుస్త. చచ్చినోణ్ణి లేపమను, లేపుత. టీవీ ముందల కూసున్న మొగణ్ణి కదిలించుడు నాతోని గాదు,' అన్నడు."

హాలు పగిలిపోయింది. వెనక కుర్రాళ్లు కుర్చీలు చరిచారు. ముందు వరసలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. పెర్సిస్ టీచరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్లింతలు చేసుకుని చూస్తోంది. నవోమి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని ప్రభుదాసు ఒకడుగు ముందుకు వేశాడు. కాదు, నవ్వుతోంది! కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, ఆపుకోలేక నవ్వుతోంది. గెలిచాననుకున్నాడు ప్రభుదాసు.

నవోమి లేచి నిలబడింది.

"మస్తుగ చెప్పినవ్, వెస్లీ డాడీ," అంది హాలంతటికీ వినబడేలా, ఇంట్లో కొడుకు పేరుతో పిలిచినట్టే. "గా చీటీ నాదే."

అంత నవ్వు ఆయన జన్మలో వినలేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చారనుకుని జనం లేచి చప్పట్లు కొట్టారు. బిక్షపతి ఈల వేశాడు. ప్రభుదాసు మైకు పట్టుకుని గుడ్లప్పగించి నిలబడితే, అది కూడా యాక్షనే అనుకుని ఇంకా నవ్వారు.

ఆ చీటీలో రెండో వాక్యం ఒకటుంది. నవ్వు రాదని ఆయన కోసేసిన వాక్యం. 'నేను పోయిన తరువాత కాదు ప్రభువా, నేను ఉండగానే.' దాన్ని తన చేతులతో కాల్చాడు. ఎవరో పాపం అనుకుంటూ, ఆ పాపం అన్న చోటే జోకు దొరికిందని సంబరపడ్డాడు. ఇరవై ఆరేళ్లు కలిసి కాపురం చేసిన మనిషి గొంతు ఆ మాటల్లో ఆయనకు వినబడలేదు. సిగ్గుతో నేల చీలితే బాగుండుననిపించింది.

మెట్లు దిగేటప్పుడు జనం చేతులు కలిపారు, సెల్ఫీలు దిగారు. పెర్సిస్ టీచరమ్మ ముఖం తిప్పుకుని పోయింది. "బుధవారం డబ్బా పెట్టకు తమ్మీ," అని మాత్రం అంది, "ఎవ్వరు ఎయ్యరు."

మొగుడూ పెళ్లాలు ఎండలో ఇంటిదారి పట్టారు. కొంతదూరం పోయాక ప్రభుదాసు, "నవోమి," అన్నాడు.

ఆమె ఆగింది. "చెప్పు, వింట."

ఆయన నోరు తెరిచాడు. లోపల వెతికాడు. వచ్చిన ప్రతి మాటకూ చివర ఒక నవ్వు తగిలించి ఉంది. నవ్వు తీసేస్తే మాట మిగలడం లేదు. నట్టనడి రోడ్డు మీద ఆయనకు భయమేసింది.

"ఏం మాట్లాడాల్నో నాకు తెల్వదు, నవోమి," అన్నాడు.

నవోమి ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"గిది జోకు గాదు గద?" అని అడిగింది.