పాడె కాదు, తలుపు

మా బావ గోపయ్య మేకలకు మండలు కొట్టబోయి తుమ్మచెట్టు మీంచి కూర్చున్నవాడు కూర్చున్నట్టే కింద పడ్డాడు. పంతొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలం అది. నడుములో ఏదో పటుక్కుమందట. లేవలేకపోయాడు. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన తిట్లు వాగు అవతలికి వినిపించాయి.

పక్కూరి నుంచి ఎముకలు కట్టే పెద్దులు వచ్చాడు. "ఇద్దరు కాళ్లు వట్టుండ్రి, ఇద్దరు సంకలు వట్టుండ్రి, గుంజుదాం" అన్నాడు. మా అక్క ఈదమ్మ అడ్డం పడింది. "ఏందన్నా, గుంజనీకి ఆయన మనిషా, మోకుతాడా?" అని, డాక్టర్ను చూడమని నన్ను కోస్గికి తరిమింది.

నాకు తెలిసిన డాక్టర్ ఒక్కడే, పశువుల డాక్టర్. మా పొట్టేలు కాలు విరిగితే కట్టు కట్టింది ఆయనే. ఇంకెవరి దగ్గరికి పోవాలి? సంగతి చెబితే ఆయన నవ్వలేదు. అందుకే నాకు భయమేసింది.

"కాళ్లు కదుల్తున్నయా?"

"కదుల్తున్నయి సార్. జర తిమ్మిరంటుండు."

"వెన్నుపూస నలిగినట్టుంది. గుంజద్దు, కూసోవెట్టద్దు, బండెక్కియ్యద్దు. పలక మీద ఎల్లకిల పండవెట్టి రోడ్డు దాంక మోసుకరాండ్రి. లేకుంటే కాళ్లు పోతయ్."

పట్నంలో తనకు తెలిసిన ఎముకల సర్జన్‌కు చీటీ రాసిచ్చి, లారీ కూడా ఆయనే మాట్లాడాడు.

సర్జన్ దొరికాడు, లారీ దొరికింది. మోసే నలుగురే దొరకలేదు. ఇంటి తలుపు ఊడదీసి బావను దాని మీద పడుకోబెట్టేసరికి జనం వెనక్కి జరిగారు. మా దిక్కు మనిషిని అలా నలుగురు భుజాలకెత్తుకునేది ఒక్కసారే. "పానమున్నోన్ని గట్ల మోస్తరా? అరిష్టం. బండ్లె కూసోవెట్టుండ్రి" అన్నాడు కులపెద్ద గురవయ్య. నాకు ఒళ్లు మండింది. నాలుగు మాటలు అనేవాణ్ణే గానీ ఆ భుజాలు మాకు కావాలి.

అక్క తలుపు పక్కన నిలబడింది. "పీనుగ తిడ్తదా, మామా? ఈయన రోడ్డు దాంక తిడ్తనే ఉంటడు. తిట్లు ఆగితే ఆడనే దించిపోండ్రి."

గురవయ్యకే నవ్వొచ్చింది. మొదట భుజం పెట్టింది ఆయనే.

రెండు కోసుల దారి. బావ నన్ను తిట్టాడు, మా వంశాన్ని తిట్టాడు, గురవయ్య నడకను తిట్టాడు, ఎండను తిట్టాడు. గొంతెండితే అక్క నీళ్లు పోసి "ఊఁ, కానియ్" అనేది. ఎదురొచ్చినవాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టబోయి ఉలిక్కిపడ్డారు. సగం దారిలో ఉన్నట్టుండి బావ గొంతు ఆగింది. నలుగురూ నిలబడిపోయారు. అక్క మునివేళ్ల మీద లేచి ఆయన ముఖంలోకి చూసింది.

"తిట్లు అయిపోయినయే" అన్నాడు బావ. "నువ్వియ్యరాదు కొన్ని?"

మిగతా దారంతా అక్క అందించింది, పదహారేళ్ల కాపురంలో దాచుకున్నవన్నీ.

పట్నంలో సర్జన్ ఎక్స్‌రే చూశాడు. పూస నలిగింది గానీ నరానికి దెబ్బ తగల్లేదన్నాడు. కోత అక్కర్లేదు, ఒంటికి పిండికట్టు వేసి మూడు నెలలు ఉంచితే చాలట. "కూర్చోబెట్టి తెచ్చుంటే నేను చేయగలిగిందేమీ ఉండేది కాదు. మిమ్మల్ని పంపింది ఏ డాక్టర్?" అని చీటీ తిరగేశాడు.

"మా గొర్ల డాక్టర్ సార్" అన్నాను గర్వంగా.

"నడుస్తడా?" అంది అక్క.

"నడుస్తాడమ్మా."

అక్క ఆ మాట నమ్మినట్టు లేదు. బావ పాదాలు రెండూ ఒళ్లోకి తీసుకుని, ఒక్కో వేలూ కదిలించమంది. పదీ కదిలాక, పడిన రోజు నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది.