పైడమ్మను పిలిచిన మైకు

నేను ఒక చేతి మైకును. బూరలాంటి నోరు, పట్టుకోవడానికో పిడి, ఇంతే నా ఆస్తి. ఎవరి మాటనైనా పెద్దది చేయడం తప్ప నాకింకేమీ చేతకాదు. ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదట ఒక ఎన్నికల అభ్యర్థి నన్ను కొని, తాను చేయబోయే మేళ్లన్నీ నాచేత అరిపించాడు. గెలిచాక నా అవసరం తీరిపోవడంతో, నన్ను పోలీసు స్టేషన్‌కు ధారాదత్తం చేశాడు.

అక్కడ నాకు వంటబట్టిన మాట ఒక్కటే: "లేవండి, ఖాళీ చేయండి." విశాఖకు ఏ పెద్దమనిషి వస్తున్నా ఫ్లైఓవర్ కింద పడుకునేవాళ్లకు నేనే సుప్రభాతం. నా గొంతు వినగానే మూటలు చంకన పెట్టుకుని పరుగు తీసేవారు. వాళ్లు కనబడకపోతే చాలు, ఎక్కడికి పోయారని అడిగినవాళ్లు లేరు.

కొత్తగా వచ్చిన సీఐ హైమావతి ఆ పని మానిపించింది. కల్యాణమండపం వాళ్లను, మసీదు కమిటీని, ఫ్లైఓవర్ పక్కన చోడి అంబలి, అంటే రాగిజావ, అమ్మే నూకాలును ఒకచోట కూర్చోబెట్టి, తుఫాను వస్తే ఎవరికి ఎక్కడ చోటివ్వాలో ముందే మాట్లాడుకుంది. అన్నీ బాగానే అమర్చింది. తుఫాను వచ్చిన సాయంత్రం ఫ్లైఓవర్ కిందివాళ్లను పిలవడానికి మాత్రం నన్నే తెచ్చింది.

"అందరూ బస్సెక్కండి, భోజనం కూడా ఉంది" అని నాలోంచి ఎంతో మర్యాదగా చెప్పింది. వినేదెవరు? జనం చెల్లాచెదురయ్యారు. పైడమ్మ అనే ముసలామె పక్కనున్న గెడ్డ కాలువలోకి తెరుచుకునే సిమెంటు పైపులో దూరింది. నన్ను తప్పించుకోవడానికి ఆమె ఎప్పుడూ దాక్కునే చోటే అది. గెడ్డ నీళ్లు అప్పటికే పైపు అంచును తాకుతున్నాయి.

కానిస్టేబుల్ దిగబోతే, ఖాకీని చూసి ఆమె ఇంకా లోపలికి జరిగింది. సీఐ మళ్లీ పిలవబోయి ఆగి, నన్ను నూకాలు చేతిలో పెట్టింది.

"నువ్వే పిలువు నూకాలూ. ఈ మైకులో నా గొంతు వింటే ఆమె రాదు."

"ఏటని పిలవమంటారమ్మా?"

"రోజూ ఎలా పిలుస్తావో అలాగే."

నూకాలు నన్ను నోటికి దగ్గరగా పెట్టుకుంది. "పైడమ్మ పిన్నీ, అంబలి అయిపోతంది. గిన్నట్టుకుని బేగి రా. నిన్నెవులూ ఏటీ అనరు, నానున్నాను."

నీళ్లు పైపులోకి ఎక్కుతున్నాయి. నాకు భయమేసింది. నూకాలు మళ్లీ పిలిచింది. చాలాసేపటికి సొట్టలు పడిన గిన్నె ఒకటి బయటికొచ్చింది, దాని వెనకే ఒక చేయి. నా గొంతు విని ఒక మనిషి నావైపు రావడం అదే మొదటిసారి.

ఆ వానకే నా లోపలి తీగలు చెడిపోయాయి. స్టేషన్ వాళ్లు పారేస్తుంటే నూకాలు తెచ్చి తన బండికి తగిలించుకుంది. పైడమ్మ ఇప్పుడు షెల్టర్‌లో ఉంటోంది. అంబలికి వచ్చినప్పుడు మాత్రం నా నోరు తనవైపు లేకుండా బండికి అవతల నిలబడి తాగుతుంది. నేను మూగదాన్నని నూకాలు ఎంత చెప్పినా నమ్మదు. ఆమెను తప్పుపట్టలేను.