పసుపు పూసిన ప్లాస్టిక్ చేప

నేను ఒక పచ్చి అబద్ధాన్ని. కళ్ళు, పొలుసులు, తోక అన్నీ ఉన్న ప్లాస్టిక్ చేపను. కడుపు కింద గాలాలు. అసలు చేపల్ని మోసం చేయడమే నా ఉద్యోగం.

ఫ్యాక్టరీ అచ్చులోంచి ఊడిపడ్డప్పుడు పాలిపోయి ఉన్నాను. అప్పుడు నాకు అతినీలలోహిత కాంతికి మెరిసే రంగు కొట్టారు. ఆ కాంతి మనుషుల కంటికి ఆనదట, చేపలకు కనిపిస్తుందట. చేపల్ని ఎవరడిగి కనుక్కున్నారో తెలియదు. డబ్బా మీద ఆ మాట అచ్చువేయగానే మనుషులు ఎగబడ్డారు. నా గాలానికి ముందు పడేది వాళ్ళే.

అలా పడినవాడు భీమిలి తెడ్డువారి సింహాద్రి. తరతరాలుగా సముద్రం మీద బతికిన ఇంట పుట్టి, పడవెక్కితే వాంతులు చేసుకునే మనిషి. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. కొత్తగా పెళ్ళయింది. అత్త పోలమ్మ చేపలమ్ముతుంది. వాళ్ళింట ఓ ఆచారం: అల్లుడు తన చేత్తో పట్టిన చేప తెస్తేనే ఇంటిల్లిపాదీ అతనితో కలిసి కూర్చుని తింటారు. అంతవరకు అతనికి విడిగా కోడికూర. కోడికూర రుచిగానే ఉండేది, అవమానమే గొంతు దిగేది కాదు.

కొట్లో ఫోను అద్దాలు అతికించడానికి అతినీలలోహిత కాంతినిచ్చే ఊదారంగు దీపం ఉంది. దాని కింద నన్ను పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. నేనూ తక్కువ తినలేదు, పెళ్ళికూతురిలా మెరిసిపోయేదాన్ని.

వేటకు బయలుదేరిన ఉదయం పోలమ్మ నన్ను లాక్కుని, నూనెలో కలిపిన పసుపు ఒళ్ళంతా పట్టించింది.

"ఆ రంగు మీద ఏటీ పూయకూడదత్తా. అది చేపలకి కనపడాల."

"కొత్త సామాను గంగమ్మ కాడికి బోసిగా ఎల్తాదేటి అల్లుడుగోరూ? తుడిసీకండి."

అత్త పూసిన పసుపు తుడిచే ధైర్యం ఏ అల్లుడికుంది? దారిలో కొట్టు తెరిచి, గుండె చిక్కబట్టుకుని నన్ను దీపం కింద పెట్టాడు. పసుపు భగ్గుమంది. నా ఫ్యాక్టరీ రంగు దాని ముందు వెలవెలబోయింది. వంటింటి డబ్బాలోని పసుపుకి ఇంత వెలుగుందని నాకెవరూ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట రాళ్ళ మీద నిలబడి నన్ను విసిరాడు. చేపలు నన్ను చూసి పక్కకు తప్పుకున్నాయి. రంగు పనిచేయలేదు, పసుపూ పనిచేయలేదు. విసిగిపోయి నన్ను విసురుగా లాగేసరికి, తన దారిన పోతున్న పండుగప్ప చేప ఒకటి అడ్డొచ్చింది. నా గాలం దాని డొక్కలో దిగింది. అది నన్ను చూడనే లేదు, నేనూ దాన్ని చూడలేదు.

గట్టుకి లాగి, గాలం ఎక్కడుందో చూసి సింహాద్రి ముఖం మాడ్చుకున్నాడు. చేప పట్టడానికీ, గాలం పొరపాటున చేపకు తగలడానికీ తేడా తెలియని ఇల్లు కాదది.

పోలమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. ఇరుగుపొరుగు మూగారు. పొలుసు తీస్తూ తీస్తూ ఆమె బొటనవేలు డొక్కలోని కన్నం మీద ఆగింది. సింహాద్రి నేల చూపులు చూస్తున్నాడు.

"గేలం ఎక్కడ తగిలిందే పోలమ్మా?" అడిగింది పక్కింటావిడ.

"అత్తా, అదీ..." అన్నాడు సింహాద్రి.

"ఇంకెక్కడ, నోట్లోనే. నిలువునా మింగేసింది," అంటూ పోలమ్మ ఆ ముక్కను కోసి గిన్నె అడుక్కి తోసేసింది.

ఆ పూట అందరూ అతనితో కూర్చుని తిన్నారు. కన్నమున్న ముక్క పోలమ్మ పళ్ళెంలో ఉంది. ఎవరూ చూడకముందే తినేసి, నెమ్మదిగా అంది: "మరోపాలి నోట్లో తగిలించండి, అల్లుడుగోరూ."

అబద్ధంగానే పుట్టిన నాకు, అంత చక్కటి అబద్ధం చెప్పడం చేతకాదు. ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది.

ఇప్పుడు గంగమ్మ పటం పక్కన మేకుకి వేలాడుతున్నాను. శుక్రవారం శుక్రవారం పసుపు పూస్తారు. ఆ చేప ఏ రంగుకి పడిందని కొట్లో ఎవరైనా అడిగినా సింహాద్రి ఇప్పుడు దీపం వెలిగించడు.

"మా అత్తనడగండి," అంటాడు.