టెస్ట్‌లో పెట్టిన ఇల్లు

తెర మీద పసుపు గీత పడీ పడగానే ఆయన వేలు ఫోను మీట నొక్కేసింది. అవతల ఎత్తినావిడ పాస్‌వర్డ్ మర్చిపోయింది. అది పెట్టింది తన మొగుడనీ, ఆ మనిషికి బుద్ధి లేదనీ, గాలికి తలుపు కొట్టుకుంటే ఈ అలారం గోలేమిటనీ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "మెల్లగా అమ్మా, మెల్లగా గుర్తు తెచ్చుకోండి" అన్నాడాయన. కాసేపటికి ఆవిడకు తట్టింది. ఆ గీతను తుడిచేసి తర్వాతిది అందుకున్నాడు.

ఆ మాట ఆయనకు ఊతపదం. దొంగలు పడ్డారని వణికిపోయేవాళ్లకీ, వంటింట్లో పొగ అని కేకలు పెట్టేవాళ్లకీ, ఊరికే తిట్టిపోసేవాళ్లకీ ఆయన దగ్గర ఒకటే మందు, మెల్లగా. ఇరవై రెండేళ్లుగా అది వినీ వినీ ఆ గదిలో వాళ్లు ఆయన అసలు పేరే మర్చిపోయారు. మెల్లగా గారు వచ్చారా, మెల్లగా గారు భోంచేశారా అంటారు. ఆయన భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది, మహా చురుకైన మనిషి. ఓసారి బావమరిది ఫోను చేస్తే ఈయన నిద్రమత్తులో ఎత్తి "మీ పాస్‌వర్డ్ చెప్పండి" అన్నాడని చుట్టాలందరికీ చాటింపు వేసిపెట్టింది. ఇంకో విడ్డూరం, పదకొండు వేల ఇళ్లకు కాపలా కాసే ఈయన సొంతింటి గడియ మూడేళ్లుగా సరిగ్గా పడదు. పడుకునేముందు తలుపుకు కుట్టుమిషను స్టూలు అడ్డం పెడతారు.

కాపలా అంతా కూర్చున్నచోటే. ఇళ్లలో తలుపులకూ కిటికీలకూ వేలెడంత సెన్సర్లు బిగించి ఉంటాయి. తలుపు కదిలితే కబురు క్షణాల్లో ఈ కిటికీలు లేని గదికి వచ్చి తెర మీద పసుపు గీతగా పడుతుంది. ఇక్కడి మనిషి ఆ ఇంటికి ఫోను చేస్తాడు. పాస్‌వర్డ్ సరిగ్గా చెబితే సరే, తప్పు చెప్పినా, ఎవరూ ఎత్తకపోయినా పోలీసులకు కబురు. నిప్పుకూ ప్రాణం మీదికి వచ్చినదానికీ గీత ఎర్రగా పడుతుంది, గంట కూడా మోగుతుంది. నూటికి తొంభై అయిదు ఉత్తుత్తివే. ఆ మిగతా అయిదు ఎప్పుడొస్తాయో తెలియకనే ఎనిమిది గంటలూ కన్నార్పకుండా కూర్చోవాలి.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే ఈదురుగాలి. ఎనిమిది కుర్చీల్లో రెండు ఖాళీ. తెర నిండా పసుపు గీతలు, తల ప్రాణం తోకకొస్తోంది అందరికీ. పది కావస్తుండగా ఒకే ఇంటి నుంచి అరగంటలో నాలుగోసారి అలారం వచ్చింది, వంటింటి తలుపు. ఆ ఇల్లు ఎవరిదో నంబరు చూడకుండానే ఆయనకు తెలుసు. లెక్కల టీచరమ్మది.

ఎనభై ఒక్కేళ్ల మనిషి, ఒంటరి. పద్నాలుగేళ్లుగా ఒకరి గొంతు ఒకరికి తెలుసు, ముఖాలు తెలియవు. ఆవిడ రికార్డులో "కాస్త ఎక్కువసేపు రింగ్ కానివ్వండి, నడక నిదానం" అని రాసిపెట్టింది ఆయనే. ఆవిడ మెడలో ఎమర్జెన్సీ బటన్ ఒకటి ఉంటుంది. నెలకోసారి, మొదటి సోమవారం పదింటికి దాన్ని నొక్కి చూసుకోవాలి. ఆవిడ నొక్కుతుంది, ఇక్కడ ఎర్రగీత పడుతుంది, ఆయన ఫోను చేస్తాడు.

"వచ్చిందా నాయనా?" అంటుంది ఆవిడ.

"వచ్చిందమ్మా."

"అయితే ఇంకో నెల నాకు ఢోకా లేదు" అని నవ్వి పెట్టేస్తుంది. నూట అరవైకి పైగా సోమవారాలు అలాగే గడిచాయి.

ఆ రోజు ఫోను ఎత్తగానే, అడక్కముందే పాస్‌వర్డ్ చెప్పింది. లంబకోణం. తలుపు గడియ వదులైందనీ, టెక్నీషియన్ ఒంటిగంటకు వస్తానన్నాడనీ, అందాకా దాని నోరు అక్కడి నుంచే మూయించమనీ అడిగింది. అలాగేనమ్మా అన్నాడు.

నోరు మూయించడమంటే టెస్ట్‌లో పెట్టడం. టెస్ట్‌లో ఉన్నవాటి కబుర్లు చిట్టాలో పడతాయి గానీ తెర మీదికి రావు, గంట మోగదు. ఆ ఒక్క తలుపునే టెస్ట్‌లో పెట్టాలంటే ఎనిమిది మీటలు నొక్కాలి. ఇల్లు మొత్తాన్ని పెట్టాలంటే రెండు. పనిలో చేరినవాళ్లకి మొదటి రోజే ఆయన చెప్పే పాఠం ఇది, ఒళ్లు బద్ధకంతో ఇల్లు మొత్తం పెట్టకండి, ఆ ఒక్కటే పెట్టండి అని. చీటీ మీద రాసి చేతిలో పెట్టేవాడు కూడా. అలాంటి మనిషి, తెర మీద ఇంకో పదిహేడు గీతలు కాచుకుని ఉండగా, రెండు మీటలు నొక్కేసి పక్క ఫోను అందుకున్నాడు. వంటింటి తలుపుతో బాటు టీచరమ్మ మెడలో బటన్ నోరు కూడా మూతపడింది. ఆ సంగతి ఆయనకు అప్పుడు స్ఫురించలేదు.

గంటన్నర ఊపిరి సలపలేదు. ఒక ఇంట్లో చిలక అలారం కూత నేర్చుకుందట, ఏది అసలుదో తెలియడంలేదని ఇంటాయన వాపోయాడు. భార్య ఫోను చేసి వచ్చేటప్పుడు తెల్లదారం రెండు ఉండలు తెమ్మంది. పదకొండుంబావు దాటాక సీసాలో నీళ్లు పట్టుకుని తిరిగొస్తూ ఇన్‌చార్జి బల్ల పక్కగా నడిచాడు. ఇన్‌చార్జి పాతికేళ్ల అమ్మాయి, ఆయన దగ్గరే పని నేర్చుకుంది, బాబాయ్ అని పిలుస్తుంది. ఆ అమ్మాయి తెర అంచున ఓ చీటీ అంటించి ఉంది. నాలుగేళ్లుగా చూస్తున్నదే, ఆయన చేతిరాతే. "ఆ ఒక్కటే."

సీసా అక్కడే వదిలేసి కుర్చీ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగా ఆ గదిలో ఎవరూ చూసి ఉండలేదు. చిట్టా తెరిచాడు. వరసగా వంటింటి తలుపు కబుర్లు. వాటి మధ్య 10:52 బటన్. 10:53 బటన్. 10:59 బటన్. ఆ తర్వాత మళ్లీ తలుపే. గోడ గడియారంలో 11:21.

కాళ్లూ చేతులూ ఆడకపోవడం అంటే ఏమిటో జనానికి ఇన్నేళ్లు ఫోన్లో సర్దిచెప్పాడు గానీ తనకు తెలియడం అదే మొదలు. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఇంటిని టెస్ట్ నుంచి తీశాడు. అంబులెన్సుకు కబురు చేశాడు, చిరునామా రెండుసార్లు చెప్పాడు. తాళంచెవి ఉన్న పక్కింటావిడకు ఫోను చేశాడు. బజార్లో ఉన్నాను, పది నిమిషాల్లో పోతానంది. టీచరమ్మ ఇంటి గోడకు బిగించిన పెట్టెలో మైకూ స్పీకరూ ఉన్నాయి, ఆ లైను తెరిచాడు.

కుళాయి కారుతున్న చప్పుడు. తలుపు గాలికి దభీమని కొట్టుకుంటోంది.

"అమ్మగారూ, నేనండి. అలారం కేంద్రం నుంచి."

తలుపు రెండుసార్లు కొట్టుకుంది. ఆ తర్వాత ఎక్కడో నేల మీద నుంచి, సన్నగా, ఆ గొంతు.

"నువ్వేనా నాయనా. మూడుసార్లు నొక్కాను. వచ్చిందా?"

చుట్టూ అయిదుగురూ ఫోన్లు చేత్తో మూసి ఇటే చూస్తున్నారు.

"వచ్చిందమ్మా. నేనే చూసుకోలేదు."

"అంతేలే. గాలి రోజు. మీకు పని ఎక్కువ" అంది ఆవిడ. ఆ మాటకన్నా నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

మాట్లాడించాలి, నిద్రపోనివ్వకూడదు. ఏమైందని అడిగాడు. తలుపు కొట్టుకుంటోందని తాడుతో కట్టబోయి, స్టూలు మీంచి పడిందట. నడుము కదలడంలేదు, చలిగా ఉంది. ఆయనకు ఏం మాట్లాడాలో తోచక పన్నెండో ఎక్కం చెప్పమన్నాడు. టీచరమ్మ ఎగతాళిగా ఓ శబ్దం చేసి మొదలుపెట్టింది. పన్నెండు ఏడుల దాకా బాగానే చెప్పింది. ఎనిమిదుల దగ్గర ఆగింది. "మెల్లగా అమ్మా, మెల్లగా" అన్నాడు. తొంభై ఆరు అని ఆవిడ చెప్పేలోపే తాళం తిరిగిన చప్పుడైంది, పక్కింటావిడ లోపలికి వచ్చింది, వెనకాలే అంబులెన్సువాళ్ల బూట్ల చప్పుడు. వాళ్లు వెళ్లిపోయాక కూడా లైను తీయకుండా కూర్చున్నాడు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

ఇన్‌చార్జి అమ్మాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. చిట్టా అంతా చదివింది. గొంతు తగ్గించి చెప్పింది.

"ఆపమని అడిగింది ఆవిడే కదా బాబాయ్. కస్టమర్ అడిగితే ఆపామని రాసేస్తే ఎవరూ ఏమీ అనరు."

"ఆవిడ తలుపుని ఆపమంది తల్లీ."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని లేచి వెళ్లి, ఆయన వంతు ఫోన్లు కూడా తనే ఎత్తడం మొదలుపెట్టింది.

పన్నెండూ నలభైకి పక్కింటావిడ ఫోను చేసింది. దారిలోనే పోయారండీ అంది. లోపల రక్తం పోతూనే ఉందట, ఓ అరగంట ముందు తెచ్చి ఉంటే బతికించి ఉండేవాళ్లమని డాక్టర్లు అన్నారట. మీరు కబురు చెయ్యబట్టి ఆ మాత్రమైనా ఒంటరిగా పోలేదు, మీ మేలు మర్చిపోను అని కూడా అంది. ఫోను పెట్టేశాక రికార్డు తెరిచి, ఒక్కో మీటే నొక్కుతూ రాశాడు: "ఒక్క తలుపును టెస్ట్‌లో పెట్టాలి. ఇల్లు మొత్తం పెట్టాను. ఇరవై తొమ్మిది నిమిషాలు బటన్ చూడలేదు. తప్పు నాది." కింద తన అసలు పేరు రాశాడు. ఇది పైవాళ్లకు వెళుతుందని తెలుసు, రేపు ఈ కుర్చీలో తను ఉండడనీ తెలుసు. పంపే మీట నొక్కాడు.

ఒంటిగంటా అయిదుకు టెక్నీషియన్ లైన్లోకి వచ్చాడు. పక్కింటావిడ తలుపు తీసిందట, తలుపు ఎటూ బాగుచెయ్యాల్సిందే కదా అన్నాడు. మెల్లగా గారు ఆ ఒక్క తలుపునే టెస్ట్‌లో పెట్టాడు. ఎనిమిది మీటలు, ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ. పావుగంటలో గడియ బిగింపు పూర్తయింది. తెరిచాను, వచ్చిందా అని అడిగాడు. ఈయన చిట్టాలో చూసి వచ్చిందన్నాడు. మూశాను అన్నాడతను, అదీ వచ్చింది.

"ఇక్కడ స్టవ్ కింద మెడలో వేసుకునే బటన్ పడి ఉందండీ. తాడు తెంపినట్టున్నారు. దీన్నీ చూసేద్దామా?"

ఇంట్లో పని ముగిస్తే అన్నీ పరీక్షించాలని రూలు. ఆ రూలు కూడా కొత్తవాళ్లకి నేర్పింది ఆయనే.

"నొక్కండి."

రెండు సెకన్లు కూడా పట్టలేదు. తెర మీద అన్నిటికన్నా పైన ఎర్రగీత పడింది, గంట మోగింది, గదిలో అందరి తలలూ ఇటు తిరిగాయి.

"వచ్చిందా?" అన్నాడు టెక్నీషియన్.

ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు.

"వచ్చింది."

బ్యాటరీ కొత్తదేనండీ, రెండేళ్లు ఢోకా లేదు, తలుపు పక్కన మేకుకు తగిలించి వెళతానన్నాడు టెక్నీషియన్. కుళాయి కట్టేసి, తెగిన తాడును ముడివేసి తగిలించాడు. అందరూ వెళ్లిపోయాక ఆ వంటింట్లో, గట్టిగా గడియపడ్డ తలుపు పక్కన, బటన్ మీది చిన్న పచ్చదీపం నిమిషానికోసారి వెలిగి ఆరుతూ ఉంది.