గంటా పది నిమిషాల దూరం

కూర బాగా చల్లారితే గానీ డబ్బాకి మూత పెట్టకూడదు. పెడితే ఆవిరి పట్టి మర్నాటికే పాడైపోతుంది. అందుకని ఆమె స్టవ్ పక్కనే నిలబడి గరిటెతో కూరని కదుపుతూ ఉంది. ఫ్రిజ్‌లో ఒక అర అప్పటికే నిండింది. ఏ డబ్బా ఏ రోజుదో కాగితం మీద రాసి అంటించాలి. లేకపోతే ఆయన శుక్రవారానిది గురువారమే తినేసి, ఫోన్ చేసి మరీ అరుస్తాడు. ఆమె పుట్టింటికి వెళ్లాలంటే ఆ ఇంట్లో పద్ధతి అదే. ముందు వంట, తర్వాత ప్రయాణం.

తమ్ముడు ఫోన్ చేసి ఐదు రోజులైంది. "అక్కా, అమ్మ నిన్న నన్నెవరని అడిగింది. నీ పేరు మాత్రం ఇంకా పలుకుతోంది. వెంటనే రా."

ట్రావెల్ ఆఫీసులో పొద్దస్తమానం ఆమె చెప్పేది అదే, ఏ ఊరికి విమానం ఎంతసేపని. అమ్మ ఉండే ఊరి గురించి ఎవరైనా అడిగితే, "గంటా పది నిమిషాలు సార్, కునుకు తీసేలోపు దిగిపోతారు" అంటుంది. పెళ్లిచూపులనాడు మావగారూ అమ్మతో, "మీ అమ్మాయిని పక్కవీధిలో ఇచ్చినట్టే అనుకోండమ్మా" అన్నాడు. అంత దగ్గర కాబట్టే ఎప్పుడూ తొందర లేదు. ఆయన ఆఫీసులో ఆడిట్ అయ్యాక వెళ్దువుగాని. అత్తగారి మోకాలు నెమ్మదించాక వెళ్దువుగాని. ఏ సముద్రాల అవతలో ఇచ్చి ఉంటే, పాపం ఏడాదికోసారైనా పంపాలి కదా అనుకునేవాళ్లేమో.

ఈసారీ అంతే. "ఆదివారం మా అక్కావాళ్లు భోజనానికొస్తున్నారు. నువ్వు లేకపోతే ఎవరు పెడతారు? మీ అమ్మ ఎక్కడికీ పారిపోదులే!" అని నవ్వాడాయన. అత్తగారు మంచం మీంచే, "నా మాత్రలు ఏ పూటవి ఆ పూటకి విడదీసి మరీ వెళ్లమ్మాయ్" అంది. ఆమె అన్నీ చేసింది. ఆదివారం భోజనాలూ పెట్టి, మర్నాడు బయల్దేరింది.

అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె వంగి చేతులు పట్టుకుంటే, నొప్పించకుండా మెల్లిగా వెనక్కి తీసుకుంది.

"ఎవరు కావాలండీ?"

తమ్ముడు గోడవైపు తిరిగాడు. "మొన్నటిదాకా నిన్ను పిలుస్తూనే ఉందక్కా. పోయిన జ్ఞాపకం ఇంక తిరిగిరాదని డాక్టరు చెప్పాడు."

మొన్న తను మాత్రలు విడదీస్తోంది.

సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. ఆమె జరిగింది చెప్పింది.

"అయ్యో. సరే, చూశావు కదా. ఇంక అక్కడుండి చేసేదేముంది? రేపొద్దున్న ఫ్లైట్‌కి వచ్చెయ్."

"అమ్మ నన్ను గుర్తుపట్టాక వస్తాను."

"పిచ్చా నీకు? ఇంక గుర్తుపట్టదని డాక్టరే చెప్పాడన్నావుగా!"

"అవును," అంది ఆమె. "చెప్పాడు."